మన గోడ మీద మన బొమ్మ ఏదీ?

పెనుబల్లి దాటి విజయవాడ తొవ్వలో పోతుంటే తెలంగాణ ఎక్కడ ఆగిందో, తిరువూరు ఎక్కడ మొదలైందో కొత్తవాళ్ళకు తెలియదు. అవే మామిడి తోటలు, అదే మిరప, అదే మక్కజొన్న, అదే ఎండ. 2014 జూన్ 2 నుంచి ఇది రెండు రాష్ట్రాల నడుమ హద్దు. ఆ సంగతిని చేలు చెప్పవు, చెట్లు చెప్పవు. గోడలు చెబుతాయి. గోడ మీది రంగు మారితే, ఫ్లెక్సీలోని ముఖం మారితే రాష్ట్రం మారినట్టు. నాయకుడు మారాడు గానీ దండం పెట్టే భంగిమ మారలేదు. కింద వరుసగా పేర్చిన చిన్న ముఖాలూ మారలేదు. హద్దుకు ఇవతలా అవతలా ఊరి గోడ మీద ఊరివాళ్ళ కథ మాత్రం ఎక్కడా లేదు.

తిరువూరు బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ ఒక ముసలి పెయింటర్‌తో మాట కలిసింది. సినిమా హాళ్ళకు బోర్డులు రాశాడట. ఎన్నికలప్పుడు పార్టీల గుర్తులు వేశాడట. ఎరువుల కంపెనీల ప్రకటనలు, బడి గోడ మీద భారతదేశ పటం, గుడి గోడ మీద ఆంజనేయుడు అన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక కుంచె మూలకు పడింది. ఇప్పుడు ఇళ్ళకు సున్నాలు, రంగులు వేసే పనికి పోతున్నాడు. చివరికి ఆయన అన్న మాట మాత్రం నాతోపాటు బస్సెక్కింది: "బొమ్మ నేనేసేవాణ్ణండీ. ఏం వెయ్యాలో మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళే చెప్పేవాళ్ళు."

ఈ ఒక్క మాటలో మన గోడల చరిత్ర అంతా ఉంది. చేయి మనది, బొమ్మ వేరేవాళ్ళది. ఈ గోసకు మందు ఎక్కడైనా దొరికిందా అని వెతికితే నా చూపు మెక్సికో మీద ఆగింది. తిరువూరెక్కడ, మెక్సికో ఎక్కడ అని నవ్వకండి. ముందు ఒక పువ్వు సంగతి వినండి.

బంతిపువ్వు తెచ్చిన చుట్టరికం

పెత్రామాస నాడు పెద్దలకు బియ్యమిచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తాం. తంగేడు, గునుగుతో పాటు బంతి లేకుండా బతుకమ్మ నిండదు. ఆ బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబర్ 1, 2 తేదీల్లో చచ్చిపోయినవాళ్ళ పండుగ జరుగుతుంది. ఇంట్లో మెట్లుమెట్లుగా పీఠం కట్టి, పోయినవాళ్ళకు ఇష్టమైన తిండి పెట్టి, రంగు కాగితాలను కత్తిరించి తోరణాలు కడతారు. పెద్దల ఆత్మలు దారి తప్పకుండా రావాలని బంతిరెక్కలతో తొవ్వ పరుస్తారు. మన చేలల్లోని మిరపా, మక్కా కూడా ఆ నేల నుంచి ఓడలెక్కి వచ్చినవే. మన అన్నంలో ఉన్న దేశం మన ఆలోచనలోకి వస్తే తప్పేముంది?

ఆ దేశంలో 1910లో విప్లవం లేచింది. భూమి కోసం, తిండి కోసం పదేళ్ళు నెత్తురు పారింది. 1921లో హొసే వాస్కొన్‌సెలోస్ విద్యామంత్రి అయ్యాడు. జనంలో ఎక్కువమందికి అక్షరం రాదు. పుస్తకం అచ్చేస్తే చదివేవాళ్ళు లేరు. అందుకని సర్కారు భవనాల గోడలను చిత్రకారులకు అప్పగించాడు. దియేగో రివేరా, హొసే క్లెమెంటే ఒరోస్కో, దావిద్ సికెయిరోస్ అనే ముగ్గురి పేర్లు అట్లా లోకానికి తెలిశాయి.

రివేరా ఏళ్ళ తరబడి యూరప్‌లో ఉండి, పారిస్ పెద్దల శైలిలో బొమ్మలు వేసి వచ్చినవాడు. సొంత దేశం తిరిగొచ్చాక కళ్ళు తెరుచుకున్నాయి. ఊళ్ళల్లో పేరులేని చిత్రకారులు పుల్కే దుకాణాల గోడల మీద వేసిన బొమ్మలు చూశాడు. పుల్కే అంటే కిత్తనార జాతి మొక్క నుంచి తీసి పులియబెట్టిన కల్లు. అంటే అవి మన కల్లు కంపౌండు గోడల వంటివే అనుకోండి. జబ్బు నయమైతే, ప్రమాదం తప్పితే దేవుడికి మొక్కు చెల్లించడానికి రేకు ముక్క మీద ఆ సంగతంతా బొమ్మ గీయించి గుడిలో పెట్టే అలవాటు అక్కడ ఉంది. ఆ రేకు బొమ్మలు చూశాడు. గువాదలూపె పొసాదా అనే అచ్చుబొమ్మల పనివాడు దొరలనూ దొరసానులనూ పుర్రెలుగా, అస్థిపంజరాలుగా చెక్కి, పైసకో రెండు పైసలకో అమ్మే కాగితాల మీద అచ్చేసిన ఎగతాళి బొమ్మలు చూశాడు. పొసాదా 1913లో పేదవాడిగానే పోయాడు. అతన్ని తన గురువని రివేరా చెప్పుకున్నాడు.

1923 నుంచి 1928 దాకా విద్యాశాఖ భవనం గోడల మీద రివేరా వేసిన బొమ్మల్లో రాజులు లేరు. నేతగాళ్ళు, అద్దకంవాళ్ళు, చెరుకు గానుగల దగ్గర కూలీలు ఉన్నారు. ఒక బొమ్మలో గని దిగి పని చేసి పైకి వచ్చిన కార్మికుడు చేతులు బార్లా చాపి నిలబడితే, ఏమన్నా దాచుకుపోతున్నాడేమోనని పైవాడు ఒళ్ళంతా తడిమి చూస్తుంటాడు. మన బొగ్గుబాయి మనిషికి ఆ బొమ్మను ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. అదే భవనంలో రొట్టె పంచుతున్న ఒక మనిషి ముఖం మనవాడిది. వార్ధా వైపు పుట్టి, గదర్ పార్టీలో తిరిగి, మెక్సికో చేరి చపింగో వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పిన పాండురంగ ఖాన్‌ఖోజే అది. మక్కజొన్న మీద పరిశోధన చేసిన ఆ విదర్భ మనిషిని మెక్సికో తన గోడ మీద నిలబెట్టుకుంది. మన గోడల మీద ఆయనకు జాగ దొరికిందా?

ఆ చిత్రకారులు కట్టుకున్న సంఘం పేరులోనే తాము కార్మికులమని రాసుకున్నారు. 1924లో 'ఎల్ మచేతే' అనే పత్రిక పెట్టారు. మచేతే అంటే చెరుకు నరికే కత్తి. ఆ పత్రికను గోడల మీద అతికించేవారు. ఉద్యమ పత్రికకూ ఊరి గోడకూ ఉన్న చుట్టరికం మనకు తెలియంది కాదు. జాజుతో, ఎర్రరంగుతో రాత్రికి రాత్రి గోడలు నింపిన తరం మన మధ్యే ఉంది.

గెలిచినంక గోడ ఎవరి పాలయింది?

ఇదంతా మెక్సికోను నెత్తిన పెట్టుకోవడానికి చెప్పడం లేదు. అక్కడా గోస ఉంది. 1924లోనే పెద్దింటి విద్యార్థులు ఒరోస్కో, సికెయిరోస్ బొమ్మల మీద పడి పాడుచేశారు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో సికెయిరోస్ వేసిన బొమ్మలో సిలువకు కట్టేసిన ఆదివాసీని చూడలేక దాని మీద సున్నం కొట్టించారు. 1933లో న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ భవనంలో రివేరా లెనిన్ ముఖం వేస్తే పని ఆపించారు, 1934లో ఆ గోడనే పగలగొట్టారు. రివేరా అదే బొమ్మను స్వదేశంలో మళ్ళీ వేశాడు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. విప్లవం పేరు పెట్టుకున్న పార్టీయే మెక్సికోను 2000 సంవత్సరం దాకా ఏలింది. గోడ మీద రైతు చేతిలో తుపాకి ఉంది, బయట రైతు చేతిలో అర్జీ ఉంది. జనం బొమ్మ సర్కారు నగ అయిపోయింది. విదేశీ అతిథులకు చూపించే వస్తువు అయింది. కొట్లాడి గెలిచిన ప్రతి జాతీ యాదిలో పెట్టుకోవాల్సిన పాఠం ఇది. అడిగే కాలంలో గోడ జనానిది, ఏలే కాలంలో ఏలేవాళ్ళది అవుతుంది. రాష్ట్రం వచ్చినంక మన గోడలకు ఏమైందో ఎవరి ఊళ్ళో వాళ్ళు చూసుకోండి.

ఆ సంప్రదాయాన్ని మళ్ళీ జనం చేతిలో పెట్టినవాళ్ళు హద్దుకు అవతల, అమెరికాలో బతుకుతున్న మెక్సికన్ కూలీల బిడ్డలు. శాన్ డియేగోలో వాళ్ళ వాడను చీల్చి రోడ్డు వేశారు, వంతెన కట్టారు. వంతెన కింద పార్కు ఇస్తామని చెప్పి పోలీసు ఠాణా మొదలుపెట్టారు. 1970 ఏప్రిల్ 22న వాడ వాడంతా లేచి ఆ జాగలో కూర్చుంది, చెట్లు నాటింది, గెలిచింది. 1973 నుంచి ఆ వంతెన స్తంభాలనే కాన్వాసు చేసుకుని తమ కథ గీసుకున్నారు. దాన్నే చికానో పార్క్ అంటారు. ఇవాళ అది ఆ దేశపు చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. వాడ మీద నుంచి ఎవరికోసమో వేసిన కాంక్రీటు వాడ కథను మోస్తున్నది.

అదే కాలంలో లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా అనే ఆమె లేచింది. మెక్సికో పోయి సికెయిరోస్ స్థాపించిన శాలలో గోడబొమ్మల పని నేర్చింది. వరద కాలువకు పోసిన కాంక్రీటు గోడ మీద 1976లో బొమ్మ మొదలుపెట్టింది. ఎండాకాలం సెలవుల్లో కొన్నేళ్ళు సాగిన ఆ పని అర మైలు పొడవయింది. పనిలోకి దిగిన నాలుగు వందల మందికి పైగా పిల్లల్లో చాలామంది పోలీసు కేసులు ఎదుర్కొన్న వాడల పిల్లలే. కుంచె పట్టకముందే ముసలివాళ్ళను అడిగారు, చరిత్ర చదివినవాళ్ళను పిలిపించుకున్నారు. ఆ గోడ మీద ఆ నేల మొదటి వాసులున్నారు. యుద్ధకాలంలో శిబిరాల్లో బంధించిన జపాన్ మూలాల కుటుంబాలున్నాయి. ఇళ్ళు పోగొట్టుకున్న చావెజ్ రవీన్ వాసులున్నారు. వాళ్ళను వెళ్ళగొట్టిన జాగలో తర్వాత బేస్‌బాల్ స్టేడియం లేచింది.

ముందు మాట్లాడుకోవాలి, తర్వాత గీయాలి. గీసేటప్పుడు ఊరి చేతులు ఉండాలి. గీసినంక ఊరే కాపాడుకోవాలి. జూడీ బాకా వంటివాళ్ళ దగ్గర మనం తీసుకోవాల్సిన పద్ధతి ఇది. అంతేగానీ వాళ్ళ పుర్రె బొమ్మలను తెచ్చి మన గోడకు అతికించమని కాదు. చక్కెర పుర్రెకు అక్కడ అర్థముంది, ఇక్కడ అది కాఫీ హోటల్ అలంకారం మాత్రమే. వాళ్ళు తమ రేకు బొమ్మ దగ్గరికి, తమ కల్లు దుకాణం గోడ దగ్గరికి పోయారు. మనం మన దాని దగ్గరికి పోవాలి.

మన పటం ఎక్కడుంది?

మనది చేర్యాలలో ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టుబంక కలిపి పూతల మీద పూతలు పూసి ఆరబెడతారు. దాని మీద ఎర్రని నేపథ్యంలో, ఉడుత వెంట్రుకల కుంచెతో నకాషీలు కథ గీస్తారు. గజాల కొద్దీ పొడవున్న ఆ పటాన్ని రాత్రిపూట ఊరి నడుమ వేలాడదీసి, ఒక్కొక్క అరా విప్పుకుంటూ కథ చెబుతారు. సినిమా పుట్టకముందు మన జనం చూసిన సినిమా అది.

ఆ కథ ఎవరిది? కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడ జెట్టీలు గౌడులకు, కాకి పడగలవాళ్ళు ముదిరాజులకు, మందహెచ్చులవాళ్ళు గొల్లలకు, డక్కలివాళ్ళు మాదిగలకు వాళ్ళవాళ్ళ కథ చెబుతారు. పనిచేసే కులాలకు బడిపుస్తకం ఇవ్వని చరిత్రను పటం ఇచ్చింది. మందహెచ్చులవాళ్ళు చెప్పే కాటమరాజు కథ చూడండి. కొట్లాట జరిగింది నెల్లూరు నల్లసిద్ధితో, పశువుల మేత మీద పుల్లరి కోసం. నెల్లూరు కయ్యాన్ని తెలంగాణ గొల్లలు తమ కథగా మోశారు. కథకు హద్దురాళ్ళు అడ్డం రాలేదు. రాష్ట్రం వేరు, పాలన వేరు, నీళ్ళ లెక్క వేరు. ఆ లెక్కల్లో మనం తగ్గేది లేదు. కానీ పశులకాపరి దుఃఖం తిరువూరులోనూ పెనుబల్లిలోనూ ఒక్కటే.

ఇటు భద్రాచలం వైపు పోతే కోయల పడిగెలున్నాయి. గుడ్డ మీది బొమ్మలను చూపుతూ డోలి కళాకారులు వంశాల కథ పాడతారు. ఆ పాటను మోసిన మణుగూరు వైపు మనిషి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయాడు. తిరువూరు మీదుగా పోయే ఇదే రోడ్డు భద్రాచలం దాటి పోలవరం ముంపు ఊళ్ళ వైపు నడుస్తుంది. 2014లో తెలంగాణ నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లో ఆ ఊళ్ళున్నాయి. నీళ్ళలోకి పోయే ఇంటి గోడను, చింతచెట్టును, వేల్పు జాగను ఏ గోడ మీద గీసి పెట్టారు? చావెజ్ రవీన్‌కు గోడ దొరికింది. మన కోయగూడేనికి దొరకలేదు.

ఇవాళ నకాషీల పని ఏ గతి పట్టింది? కథ చెప్పించుకునే కులాల ఆదరువు తగ్గింది, పటం కురుచయింది. నలభై అడుగుల పటం అడుగు ఫ్రేమయింది, కీచైన్ అయింది, పెన్నుల డబ్బా అయింది. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుర్తింపు కాగితానికి ఉంది, పనికి లేదు. ఎయిర్‌పోర్టులో కొనుక్కున్నవాడికి అది అందమైన బొమ్మ. ఆ బొమ్మలోని మార్కండేయుడు ఎవరి పూర్వీకుడో అతనికి తెలియదు. చెప్పేవాడు పక్కన లేడు.

రంగులు మారే రాజ్యం

సర్కార్లు గోడలకు రంగులే వేయడం లేదా అంటే, మస్తు వేస్తున్నాయి. తిరువూరు ఉన్న రాష్ట్రంలో పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ రంగులు వేస్తే 2020లో హైకోర్టు తప్పన్నది, సుప్రీంకోర్టు దాకా పోయినా అదే తీర్పు నిలిచింది. ఊరి సొమ్ముతో వేసిన రంగును ఊరి సొమ్ముతోనే తుడవాల్సి వచ్చింది. ఇవతల మనం నీతులు చెప్పేంత శుభ్రంగా ఏమీ లేం. మన గోడల మీదా ముఖాలే ఎక్కువ, మనుషులు తక్కువ.

హైదరాబాద్‌లో ఖైరతాబాద్ పక్కన మక్తా బస్తీ గోడల మీద దేశదేశాల చిత్రకారులు బొమ్మలు వేశారు. మంచిదే. ఇరుకు గల్లీకి వెలుగు వచ్చింది. ఫోటోలు దిగేవాళ్ళూ వచ్చారు. కానీ బస్తీలో ఎన్నో ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు తమ కథ ఏదని అడిగితే జవాబు చెప్పగలమా? ఊళ్ళల్లో బడి గోడలకైతే టీవీలో వచ్చే కార్టూన్ బొమ్మలే గతి. చదరపు అడుగుకు ఇంత అని కాంట్రాక్టు, కాంట్రాక్టర్ ఫోనులో దొరికిన బొమ్మ, ఎక్కించే కూలి పెయింటర్ చేయి. ముసలి పెయింటర్ మాట మళ్ళీ అదే. బొమ్మ ఆయన వేస్తాడు, ఏం వెయ్యాలో వేరేవాళ్ళు చెబుతారు.

అడగవలసినవి ఇవి. మండలానికి ఒక్క గోడ ఇవ్వండి. బడి కావచ్చు, హాస్టల్ కావచ్చు, బస్టాండు కావచ్చు. ఏం గీయాలో ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు ఆ మాటల్లో ఉండాలి. నకాషీలను, పటం కథలవాళ్ళను గురువులుగా పిలిచి, ఫ్లెక్సీ దెబ్బకు కూలబడ్డ పెయింటర్లను వాళ్ళ పక్కన కూర్చోబెట్టాలి. గడపకు జాజు పూసి ముగ్గుకర్రలు వేసే తల్లుల చేతులకూ పని ఉండాలి. టెండరు పెట్టొద్దు, కూలి సరిగా ఇవ్వాలి. గీసినవాళ్ళ పేర్లు గోడ మీద ఉండాలి, బతికున్న ఏ నాయకుడి ముఖమూ ఉండొద్దు. ఐదేళ్ళకో తాప సర్కారు మారితే గోడకు సున్నం కొట్టే హక్కు ఎవరికీ ఉండొద్దు.

అసలు పరీక్ష

సర్కారును అడగడం సులువు. మనల్ని మనం అడుక్కోవడం కష్టం.

డక్కలివాళ్ళ పటంలో జాంబపురాణం ఉంది. భూమి పుట్టకముందే ఆదిజాంబవుడు పుట్టాడని ఆ పురాణం చెబుతుంది. ఊరి చివర ఉంచిన మనిషి ఈ సృష్టికే పెద్ద అని దాని అర్థం. ఆ పటాన్ని ఇన్నాళ్ళూ మాదిగవాడలోనే విప్పారు. ఆ బొమ్మను పంచాయతీ ఆఫీసు గోడ మీద, ఊరి నడి బొడ్డులో గీయనిస్తామా? తిరువూరు ఎస్సీలకు రిజర్వు అయిన నియోజకవర్గం. ఎమ్మెల్యే కుర్చీ రాజ్యాంగం ఇచ్చింది. గోడను ఊరు ఇవ్వాలి. ఏ ఊరి గోడకు ఆ ధైర్యముంది?

మెక్సికోలో గలాటా అంతా దీని మీదే జరిగింది. ఆదివాసీని, కూలీని గోడ మీద పెద్దగా వేసినందుకే పెద్దింటి పిల్లలకు కోపమొచ్చింది. సున్నం కొట్టినవాళ్ళకు రంగు మీద పగ లేదు, ఆ రంగులో కనబడిన మనిషి మీద ఉంది. మన దగ్గరా అట్లనే అవుతుంది. అందరికీ నచ్చే పూలూ నెమళ్ళూ గీసి ఇదే మన సంస్కృతి అని చెప్పుకుంటే ఏ గొడవా రాదు. ఆ గోడ వల్ల ఎవరికీ లాభమూ లేదు.

తిరువూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ పెయింటర్‌ను ఒకటి అడిగాను. ఏం వెయ్యాలో ఎవరూ చెప్పకపోతే నువ్వేం వేస్తావు అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ళమ్మ మిరపకాయలు ఏరుతూ కూర్చున్నట్టు వేస్తానన్నాడు. ఎర్రటి కళ్ళం, మధ్యలో ఆమె, ముక్కుకు కట్టుకున్న కొంగు. రంగులు గూడా చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మ ఆయన లోపల తయారుగానే ఉంది, గోడే లేదు.

వచ్చే పెత్రామాసకు బతుకమ్మలో బంతి పెట్టేటప్పుడు ఈ సంగతి యాది చేసుకుందాం. మన ఊరిలో ఖాళీ గోడ ఏదో చూద్దాం. పక్కన కూర్చున్న ముసలామెను, మన గోడ మీద ఏముండాలని అడుగుదాం. పని అక్కడి నుంచి మొదలు పెట్టవచ్చు. జీవో కోసం ఆగనక్కరలేదు.